ఏ గదికి ఏ ఫ్యాన్? బీఎల్‌డీసీ ఫ్యాన్లు మూడు వేసవులు వాడాక

సీలింగ్ ఫ్యాన్ కొనడానికి వెళ్తే మనం చూసేది ధర, రంగు, రెక్కల డిజైన్, కంపెనీ పేరు. ఆ ఫ్యాన్ ఏ గదిలో పెడతాం, రోజుకు ఎన్ని గంటలు తిరుగుతుంది అన్నది మనమూ ఆలోచించం, షాపువాళ్లూ అడగరు. విజయవాడలో మా ఇంట్లో హాలుకీ, రెండు పడకగదులకీ 2023 వేసవి ముందు బీఎల్‌డీసీ ఫ్యాన్లు (బ్రష్‌లెస్ డీసీ మోటారుతో, తక్కువ కరెంటుతో తిరిగేవి) పెట్టించాం. వంటగదిలో, పూజగదిలో, చుట్టాలొస్తే ఇచ్చే గదిలో పాతవే ఉన్నాయి. రెండు రకాలూ ఒకే కప్పు కింద ఇన్నాళ్లు వాడాక నాకు ఒకటి గట్టిగా అర్థమైంది. గంటల లెక్క తేలితే ఏది కొనాలో దాదాపు తేలిపోయినట్టే.

ముందు తేడా ఎక్కడుందో చెప్తాను. మామూలు ఫ్యాన్‌లో ఉండేది ఇండక్షన్ మోటారు. పాత ఫ్యాన్లు ఫుల్ స్పీడులో 70 నుంచి 80 వాట్ల దాకా లాగుతాయి. బీఎల్‌డీసీలో శాశ్వత అయస్కాంతాలు, వాటిని నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు ఉంటాయి. అదే 1200 మిల్లీమీటర్ల సైజులో ఇవి 28 నుంచి 35 వాట్లతో సరిపెడతాయి.

అట్ట పెట్టె మీద రాసింది నమ్మాలా వద్దా అనుకునేవాళ్లకు ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. మా మీటరు మీద యూనిట్‌కు 3200 పల్సులు అని రాసుంది, అంటే ఒక యూనిట్ కాలితే ఆ ఎర్ర లైటు 3200 సార్లు మిణుకుమంటుంది. ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపేసి, హాల్లో పాత ఫ్యాన్ ఒక్కటే వేసి చూస్తే అయిదు నిమిషాల్లో 20 సార్లు మిణుకుమంది. కొత్తది బిగించాక అదే అయిదు నిమిషాల్లో 8 సార్లే. లెక్క కడితే పాతది 75 వాట్లు, కొత్తది 30 వాట్లు. మీ మీటరు మీద ఆ అంకె వేరే ఉండొచ్చు, దాన్ని బట్టి లెక్క వేసుకోండి.

ఇప్పుడు డబ్బుల సంగతి. 45 వాట్ల తేడా, రోజుకు 14 గంటలు అనుకుంటే నెలకు సుమారు 19 యూనిట్లు మిగులుతాయి. ఈ 19 యూనిట్లను సగటు రేటుతో లెక్కేయకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన స్లాబుల ప్రకారం 126 నుంచి 225 యూనిట్ల మధ్య యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 మధ్య 8.75 రూపాయలు. మనం ఆదా చేసే యూనిట్లు ఎప్పుడూ బిల్లు పైకొస నుంచే తగ్గుతాయి. ఏసీ వాడే ఇంట్లో ఎండాకాలం మీటరు 300 దాటినప్పుడు ఒక్కో యూనిట్ మీద 8.75 చొప్పున మిగులుతుంది. అంటే ఒక్క ఫ్యాన్ మీదే నెలకు 165 రూపాయల దాకా. చలికాలంలో 200 లోపు ఉండే ఇంట్లో అదే ఫ్యాన్‌కు 114 వస్తుంది, అదీ అన్ని గంటలు తిరిగితేనే. మూడు వేల రూపాయల ఫ్యాన్ తన ఖర్చు తను రాబట్టుకోవడానికి రెండేళ్లు, అటూ ఇటూ. ఏసీ లేకుండా 100 యూనిట్ల లోపు వాడే ఇంటికి అంతకంటే చాలా ఆలస్యమవుతుంది.

గవర్నర్‌పేట షాపులో అబ్బాయి, "మేడమ్, బిల్లు సగానికి పడిపోద్ది" అన్నాడు. పడదు. బిల్లులో ఫ్యాన్ల వాటా ఎంతో అందులోనే తగ్గేది. పైగా అతను పోల్చి చూపించింది పాత 75 వాట్ల ఫ్యాన్‌తో. కొనేవాళ్లు బాగా గమనించాల్సింది ఇక్కడే. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు బీఈఈ (కరెంటు పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) స్టార్ లేబుల్ తప్పనిసరి. ఒక్క స్టార్ రావాలన్నా వాట్‌కు ఇంత గాలి అని ఇవ్వాలి కాబట్టి, ఈ రోజు షాపులో దొరికే మామూలు కొత్త ఫ్యాన్ కూడా 50 వాట్ల చుట్టుపక్కలే ఉంటుంది. అంటే కొత్త ఇంటికి రెండు కొత్త ఫ్యాన్ల మధ్య ఎంచుకునేవాళ్లకు తేడా 45 వాట్లు కాదు, 20 చిల్లర. బాగా నడుస్తున్న పాత ఫ్యాన్ తీసేసి కొత్తది పెట్టాలా అన్నది వేరే ప్రశ్న. ఈ రెండింటికీ ఒకటే లెక్క చెప్పేవాళ్ల మాట వినకండి.

పూజగది ఫ్యాన్ పొద్దున అరగంట తిరుగుతుంది. వంటగదిలోదీ అంతంతే, స్టవ్ వెలిగించాక ఎలాగూ కట్టేస్తాం. అక్కడ బీఎల్‌డీసీ పెడితే ఆ మోటారు అరిగేలోపు పెట్టిన డబ్బు వెనక్కి రాదు. అందుకే వాటిని కదిలించలేదు.

స్టార్ల గురించి ఇంకో మాట. అవి గాలిని వాట్లతో భాగించి ఇచ్చేవి, గాలి ఎంతన్నది ఒక్కటే చూసి ఇచ్చేవి కావు. కాబట్టి రెండు అయిదు స్టార్ల ఫ్యాన్లలో గాలి ఒకేలా ఉండాలని లేదు. లేబుల్ మీద ఎయిర్ డెలివరీ అంకె విడిగా ఉంటుంది, చూసుకోండి. మా పడకగది ఫ్యాన్ల కంటే హాల్లోది ఆ అంకెలో ఎక్కువ, కింద కూర్చుంటే తేడా తెలుస్తుంది.

నాకు డబ్బు కంటే ఎక్కువ నచ్చిన గుణం లో వోల్టేజీలో తెలిసింది. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు, ఆ రోజుల్లో సాయంత్రం వీధిలో ఏసీలన్నీ ఒకేసారి ఆన్ అయ్యాయంటే మా పాత ఫ్యాన్లు నీరసపడిపోయేవి. చుట్టాల గదిలో ఫ్యాన్ ఇప్పటికీ అంతే. హాల్లో ఫ్యాన్ స్పీడు మాత్రం ఆ వేళకూ మారదు, లోపలి బోర్డు సర్దుకుంటుంది. ఇన్వర్టర్ మీద కూడా ఇదే మేలు. మూడు గదుల ఫ్యాన్లూ కలిపి వంద వాట్ల లోపే, అందుకే రాత్రి కరెంటు పోయినా టెన్షన్ లేదు. పాతవి ఇన్వర్టర్ మీద జుమ్మని మోగేవి, ఇవి మోగవు. ఫుల్ స్పీడులో వినిపించేది గాలి చప్పుడే.

ఇక బాధలు. మొదటిది రిమోట్. గోడ మీది రెగ్యులేటర్‌తో మావి పనిచేయవు, ఎలక్ట్రీషియన్ దాన్ని తీసి నేరుగా కనెక్షన్ ఇచ్చాడు. మా అత్తయ్యగారికి రాత్రి రెండు గంటలకు చలేస్తే, చీకట్లో రిమోట్ వెతుక్కోవాలి. "నాకు ఆ తిప్పే బిళ్లే బాగుందమ్మాయ్" అంటారు, ఆవిడ మాట నిజం. గోడ స్విచ్‌ను వెంటవెంటనే కట్టేసి వేస్తే మా మోడల్‌లో స్పీడు మారుతుంది, అది నేర్పించాక కొంత నయం. మంచం పక్కన గోడకు చిన్న స్టాండు కొట్టించి రిమోట్ అందులోనే ఉంచుతున్నాం. పెద్దవాళ్లుండే గదికైతే మామూలు రెగ్యులేటర్‌తో నడిచే బీఎల్‌డీసీ మోడళ్లు వస్తున్నాయి, అవి అడిగి తీసుకోండి.

రెండోది రిపేరు. మామూలు ఫ్యాన్ మెల్లగా తిరుగుతుంటే ఎక్కువసార్లు కెపాసిటరే కారణం. వీధి చివర ఎలక్ట్రీషియన్ పది నిమిషాల్లో మార్చి వెళ్తాడు. బీఎల్‌డీసీలో బోర్డు పోతే అతను చేతులెత్తేస్తాడు. రెండో వేసవిలో ఉరుముల వానకు ఒక పడకగది ఫ్యాన్ బోర్డు పోయింది. వారంటీ ఉంది కాబట్టి డబ్బు పడలేదు, కానీ కంపెనీ మనిషి రావడానికి వారం పైనే పట్టింది. మే నెలలో వారం ఫ్యాన్ లేకుండా ఉండడం ఎంత నరకమో ఈ ఊళ్లో వాళ్లకు చెప్పక్కర్లేదు. కాబట్టి మీ ఊళ్లో సర్వీస్ సెంటరు ఉందా, వారంటీలో బోర్డు కూడా కలిసిందా, మోటారుకేనా అన్నది బిల్లు వేయించే ముందే కనుక్కోండి. రెండు కంపెనీల మధ్య నాలుగైదు వందల తేడా ఉంటే నేను చూసేది ఇదే.

దుమ్ము పట్టని కోటింగ్ అని ఎక్కువ తీసుకునే మోడళ్లకు ఆ డబ్బు దండగ. సంక్రాంతికి దులిపేటప్పుడు పాత రెక్కలకూ కొత్త రెక్కలకూ నాకు తేడా కనపడలేదు. ఫోన్ యాప్‌తో నడిచేవీ అంతే, ఫ్యాన్ వేయడానికి ఫోన్ ఎందుకు?

ఏసీ వాడే ఇల్లు, రోజుకు పది గంటలు దాటి తిరిగే గది, ఊళ్లో సర్వీస్ సెంటరు, ఈ మూడూ ఉంటే బీఎల్‌డీసీ నిస్సందేహంగా తీసుకోండి. పల్లెటూళ్లో, సర్వీసు దొరకని చోట, ఒక స్టార్ మామూలు ఫ్యానే మేలు, దాన్ని బాగుచేసేవాడు పక్క వీధిలోనే ఉంటాడు. అద్దె ఇల్లయితే కూడా వెనకాడకండి, ఖాళీ చేసేటప్పుడు ఫ్యాన్ విప్పి పట్టుకెళ్లొచ్చు. తీసేసిన రెగ్యులేటర్ మాత్రం పారేయకుండా దాచండి, ఓనరు పాత ఫ్యాన్ మళ్లీ బిగించాలంటే అది కావాలి.