దేవరకొండ దిక్కు టేకు కొలత కోసం పిలిచిన రిటైర్డ్ ఫారెస్ట్ సారు పని ఎట్లుందంటే

మా పొలం గట్ల మీద నాయిన పెట్టిన టేకు అమ్ముదామనుకున్నప్పుడు కొలతకి ఒక రిటైర్డ్ ఫారెస్ట్ సెక్షన్ ఆఫీసర్‌ని పిలిపించినం, ఆయన పని గురించే ఈ రివ్యూ. పేరు పెట్టొద్దన్నడు కాబట్టి పెడ్తలేను. దేవరకొండ, చందంపేట, డిండి దిక్కు గట్ల మీద టేకు పెంచినోళ్లు చానామంది ఉన్నరు, వాళ్లకి పనికొస్తదని కొంచెం వివరంగనే రాస్తున్న.

ఆయన కంటె ముందు ఒక వ్యాపారి వచ్చి చేను సుట్టు ఒక రౌండు తిరిగి గుండుగుత్తగ రేటు చెప్పిండు. గట్ల కాదు సేటూ, సీఎఫ్‌టీ (ఘనపు అడుగుల) లెక్కన చెప్పు అంటే తన మనిషినే పంపి కొలిపిచ్చిండు. ఆ పిల్లగాడు గుడ్డ టేపు పట్టుకొచ్చి చెట్టు ఎక్కడ సన్నగుంటె అక్కడ పట్టి, కొన్నిటికి నెత్తి మీది దాక చెయ్యి లేపి పట్టి, అంకెలు నోట్లనే అనుకుంట ఫోన్ల ఎక్కిచ్చుకున్నడు. ఆ లెక్క మాకు ఒక కాగితం మీద రాసియ్యి తమ్మీ అంటే సేటు ఇస్తడన్నడు, సేటునడిగితే టోటల్ ఇంతొచ్చింది అని ఒక్క అంకె చెప్పిండు. ఏ చెట్టు ఎంత, ఏ ఎత్తుల పట్టిండు, ఏ ఫార్ములా కట్టిండు, ఏదీ లేదు. కొనేటోని మనిషే కొలిస్తే, ఆ కాగితం కూడ అమ్మేటోని చేతికి రాకపోతే, అది కొలత ఎట్లయితది?

సారు దగ్గర నాకు మొదట నచ్చింది ఫీజు మాట్లాడిన పద్ధతి. కొందరు అమ్మిన పైసలల్ల పర్సెంటేజీ అడుగుతరు, ఈయన రోజు లెక్కన ఇంత, పెట్రోలు ఖర్చు వేరే అన్నడు. ఎందుకు సార్ అట్ల అంటే, "లెక్క పెరిగితె నాకు పైసలు పెరిగేటట్టుంటె నా టేపు మీద నీకు నమ్మకం ఎట్లుంటది" అన్నడు. వ్యాపారి దగ్గర కూడ కమిషన్ తీస్కోనని మా ముందే ఫోన్ చేసి చెప్పిండు. ఈ ఒక్క మాటతోనే మా నాయినకు సగం భయం పోయింది, ఆయన ఎవ్వర్నీ తొందరగ నమ్మే మనిషి కాదు.

పని మొదలు పెట్టేముందు తన టేపుని ఇంకో స్టీలు టేపు పక్కన పెట్టి రెండు చోట్ల సరిచూసి, మమ్మల్ని కూడ చూస్కోమన్నడు. గుడ్డ టేపులు వాడంగ వాడంగ సాగుతయంట, సాగిన టేపు చుట్టుకొలత తక్కువ చూపిస్తది. తర్వాత 1.37 మీటర్ల కాడ గీత పెట్టిన ఒక కట్టె తీసిండు, ఛాతి ఎత్తు కొలత అంటే మన దేశంల అదే, నాలుగున్నర అడుగులు. చెట్టు మొదట్ల ఉన్న ఎండుటాకులు, మట్టిపెల్లలు కాలుతోని జరిపి కట్టె నిలబెట్టుడు, ఎండిపోయిన తీగలు పీకేసుడు, లేసిన బెరడు చేత్తోని దులిపి అప్పుడు టేపు చుట్టుడు. గట్టు ఒక దిక్కు ఎత్తు ఒక దిక్కు పల్లం ఉంటది కదా, ఎత్తు దిక్కు నుంచే కొలవాలంట. వంగిన చెట్టుకు వంపు వెంబడే కొలవాలె. సరిగ్గ ఆ ఎత్తులనే బుడిపె ఉంటె బుడిపెకు పైనొకటి కిందొకటి కొలిచి సగటు రాసిండు. ఆ గీత కంటె కిందనే రెండుగ చీలిన చెట్టుని రెండు చెట్లుగ రాసిండు.

ఒక చెట్టు కాడ టేపు వెనక దిక్కు కిందికి జారి వాలుగ పడ్డది. ముందు దిక్కు నిలబడ్డోళ్లకి కనపడదు. వాలుగ పడితే చుట్టుకొలత ఎక్కువొస్తది, అంటే మాకే లాభం. సారు వెనకకు పోయి చూసి, తీసేసి మళ్ల సమంగ చుట్టి, తగ్గిన అంకెనే రాయిచ్చిండు. పైసలిచ్చేది మేమే, నష్టం కూడ మాకే, అయినా ఆయన రాసే ప్రతి అంకె మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడనే.

ఒక్క ఇంచుతోని ఏమైతదిలే అనుకునేటోళ్ల కోసం ఒక లెక్క చెప్త. 10 అడుగుల దుంగ, నడుమ చుట్టుకొలత 36 ఇంచులు అనుకోండి. డిపోల కాడ, కోత మిషన్ల కాడ నడిచేది క్వార్టర్ గర్త్ లెక్క, అంటే చుట్టుకొలతని నాలుగుతోని భాగించి, వచ్చిందాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 144తో భాగించుడు. 5.63 సీఎఫ్‌టీ వస్తది. అదే చుట్టుకొలత 35 అని రాస్తే 5.32 అయితది, ఒక్క ఇంచుకే ఐదు శాతం పైన పాయె. నడుమ కాకుండ 30 ఇంచులున్న సన్న కొస కాడ కొలిస్తే 3.91 వస్తది. చుట్టుకొలత లెక్కల రెండుసార్లు గుణిస్తం కాబట్టి చిన్న తేడా కూడ పెద్దగయితది.

ఇంకొకటి కూడ అప్పుడే తెలిసింది. అదే దుంగని నిజమైన గుండ్రం లెక్కన కడితే 7.16 సీఎఫ్‌టీ ఉంటది. క్వార్టర్ గర్త్ లెక్క అసలు దాంట్ల 78.5 శాతమే చూపిస్తది. ఇది మోసం కాదు, దుంగని చదరం చేసేటప్పుడు పోయే తరుగు ముందే తీసేసిన పాత పద్ధతి. మోసం ఎక్కడంటే, ఆ లెక్క కట్టినంక మళ్ల "కోత తరుగు" అని పేరు పెట్టి ఇంకొంత కొట్టేసుడు. సారు రెండు లెక్కలు పక్కపక్కన రాసిచ్చి, ఏ లెక్కన బేరం చేస్తరో మీ ఇష్టం గని అది కాగితం మీద రాసుకోండి, తరుగు రెండుసార్లు పోనియ్యకండి అన్నడు. బెరడుతోని కొలిచిందా బెరడు తీసి కొలిచిందా అన్నది కూడ షీటు మీదనే ఉంది. ఘనపు మీటర్లు కూడ రాసిండు, ఒక ఘనపు మీటరు అంటే 35.3 సీఎఫ్‌టీ.

ఎత్తుకి ఆబ్నీ లెవెల్ అని చిన్న ఇత్తడి పరికరం వాడిండు, కోణం చూసి దూరంతోని లెక్క కట్టేది. నిలబడ్డ చెట్టుకి ఇచ్చేది అంచనానే అని, పది శాతం అటో ఇటో కావొచ్చని ముందే రాసి సంతకం పెట్టిండు. ఫారెస్టోళ్ల వాల్యూమ్ టేబుల్స్ (చెట్టు కొలతలు చూసి కట్టె ఎంతుంటదో చెప్పే పట్టికలు) ఉంటయి గని అడవిల ఒత్తుగ పెరిగిన చెట్ల టేబుల్ తెచ్చి గట్టు మీది చెట్టుకు పెడితే సరిగ్గ కుదరదంట, గట్టు చెట్టు మొదట్ల లావు, పైకి పోంగ తొందరగ సన్నబడ్తది. చేవ (లోపలి గట్టి చెక్క) ఎంతుంటది సార్ అని నాయిన అడిగితే, "కోస్తె గని తెల్వదన్నా, చిన్న వయసు చెట్లు, తెల్లచెక్క ఎక్కువనే ఉంటది, ఇప్పుడు నేనేం చెప్పినా గాలిల మాటే" అన్నడు. మా పక్క చేనాయన వచ్చి నా శ్రీగంధం కూడ చూడు సారూ అంటే, అది చేవ కిలోల లెక్కన అమ్ముడయితది, దాని అంచనా నాకు రాదు, తెలిసినోళ్లని పిలిపించుకో అని పైసలు వద్దన్నడు. రాని పని రాదని చెప్పేటోడే వచ్చిన పని సరిగ్గ చేస్తడని నా నమ్మకం.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. పట్టా భూమిల టేకైనా కొట్టాలంటె వాల్టా (నీళ్లు, భూమి, చెట్ల) చట్టం కింద పర్మిషన్ ఉండాలె, బండి కదలాలంటె ట్రాన్సిట్ పర్మిట్ ఉండాలె. రెండో వ్యాపారి ఒకాయన మంచి రేటే చెప్పిండు గని, సారుని పక్కకు పిలిచి లిస్టుల ఇంకొన్ని చెట్లు ఎక్కువ రాయి, నీది నీకు చూస్కుంట అన్నడంట. సారు ఆ మాట దాచిపెట్టకుండ వచ్చి మా నాయినకు చెప్పిండు. ఎక్కువ రాస్తే మనకేం నష్టం అని మా తమ్ముడు అన్నడు. అప్పుడు సారు కూసోబెట్టి చెప్పిండు: లేని చెట్లు కాగితం మీద ఉంటె, ఆ ఖాళీల వేరే తావుల నుంచి కొట్టుకొచ్చిన కట్టె మీ పర్మిట్ మీద పోతది, రేపు చెకింగ్‌ల దొరికితే పట్టాదారు పేరు మీది, కొలత సంతకం నాది. మాది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ పక్కన ఉండే ప్రాంతం, నల్లమల టేకు ఇట్లనే పట్టా కట్టె అని పేరు మార్చుకొని పోతె ఆ అడవి మల్ల వస్తదా? ఆ బేరం అక్కడనే ఇడిసిపెట్టినం. పెన్షన్ మీద బతికే మనిషి, అడిగినోడు పైసలున్నోడు, అడిగింది నాలుగు గీతలు ఎక్కువ గీయమని, అయినా ఆయన గీయలే.

చెట్లు కొట్టినంక పిలిస్తె మళ్ల వచ్చిండు. ప్రతి మొదలు మీద, ప్రతి దుంగ మీద పెయింటు నంబరు పాత షీటుతోని కలిపి చూసిండు, నడుమ చుట్టుకొలతలు కొత్తగ తీసిండు. ఆయన అంచనా కంటె ఏడు శాతం దాక తక్కువొచ్చింది, కొన్ని దుంగలల్ల లోపల డొల్ల పడ్డది. ముందే పది శాతం అని రాసినవు కద సార్ ఏం కాదు అంటే ఊకోలే, ఏ నంబరు చెట్ల కాడ తేడా వచ్చిందో, ఎందుకొచ్చిందో అదే షీటు కింద రాసి తారీఖేసి సంతకం పెట్టి మాకొకటి, కొన్న వ్యాపారికొకటి ఇచ్చిండు. వ్యాపారి కూడ ఆ కాగితం మీదనే పైసలు కట్టిండు, గొడవ లేదు. ఈ జవాబుదారీతనం నేను పెద్ద పెద్ద ఆఫీసులల్ల చూడలే.

తక్కువలు కూడ చెప్పాలె. చానా నిదానం, తొందరున్నోళ్లకి కష్టం. చెప్పిన రోజు రాలే ఒకసారి, ఫోన్ కూడ చెయ్యలే. చేతిరాత అర్థం కాదు, 1 ఏదో 7 ఏదో నేను పక్కన కూసోని అడిగి తేటగ రాసుకున్న. పర్మిట్ ఫైలు తిప్పే పని ఆయన చెయ్యడు, అది మనమే మీసేవ, ఆఫీసులు తిరిగి చేస్కోవాలె.

పిలిపించుకునేటోళ్లు ఇద్దరు మనుషుల్ని, ఒక తెల్ల పెయింటు డబ్బా, బ్రష్ రెడీ పెట్టుకోండి. గట్టు మీది ముళ్లకంప ముందే కొట్టిపెడితె ఆయన టైమ్ మిగుల్తది, మీ పైసలు మిగుల్తయి. అంకెలు ఆయన చెప్పంగ ఒకరు రాయాలె, రాసింది తిరిగి పైకి చదవాలె, ఇంట్ల చదువుకునే పిల్లలుంటె ఆ పనికి వాళ్లని పెట్టుకోండి, మా అన్న బిడ్డ ఇంటర్ చదువుతది, ఆమెనే రాసింది.