ఆకుపచ్చ స్పిట్‌ఫైర్ చూడటానికి వెళ్తున్నారా? కాస్త ఆగండి

ఆకుపచ్చ ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే పాత స్పోర్ట్స్ కారును, "ఏడేళ్ళుగా నా దగ్గరే ఉంది, కన్నబిడ్డలా చూసుకున్నాను" అంటూ నిన్న రాత్రి అమ్మకానికి పెట్టిన పెద్దమనిషి ఎవరో బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. ఉగాది సభలో మైకు వదలని ఆయనే. పేరు రాయను. ఆ ఏడేళ్ళు, ఆ కన్నబిడ్డ, ఒక్క అక్షరం మారకుండా మూడు వారాల కింద నాకూ చెప్పాడు. అప్పుడు బిడ్డ పసుపు రంగు ఎంజీబీ కారు. ఎంతమంది బిడ్డలో ఆ మహానుభావుడికి! అందరికీ ఏడేళ్ళే.

నా బండి 1977 నాటి రోడ్‌స్టర్, నల్ల రబ్బరు బంపర్లది. 4,800 పౌండ్లు పోశాను. పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొని శని, ఆదివారాల్లో విప్పుకుంటూ బిగించుకుంటూ కూర్చోవాలని ఎన్నేళ్ళ నుంచో కోరిక. ఎంజీబీని ఎంచుకోవడంలో తప్పు లేదు, ఆ మాట ఇప్పటికీ అంటాను. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని అబింగ్డన్ ఫ్యాక్టరీలో 5 లక్షలకు పైగా తయారయ్యాయి, బోల్టు దగ్గర నుంచి మొత్తం బాడీ దాకా ఈ రోజుకీ కొత్తవి దొరుకుతాయి. క్రోమ్ బంపర్ల బండ్లంటే జనం ఎగబడతారు కాబట్టి రబ్బరు బంపర్లవి చవక. లెక్క అంతా సరిగ్గానే వేసుకున్నాను. మనిషిని లెక్క వేయడంలోనే బోల్తా పడ్డాను.

చదువుకోకుండా పోయానా అంటే అదీ కాదు. ఈ బండికి అడుగున విడిగా చాసిస్, అంటే ఉక్కు చట్రం, ఉండదు. పైన కప్పు కూడా లేదు కాబట్టి ముందు సగాన్నీ వెనుక సగాన్నీ కలిపి నిలబెట్టేవి తలుపుల కింద చక్రం నుంచి చక్రం దాకా ఉండే సిల్స్. బయట ఒక రేకు, లోపల ఒకటి, మధ్యలో నిలువుగా ఇంకొకటి. ఇవి తుప్పు పడితే బండి నడుము విరిగినట్టే. అందుకని పరీక్షించడానికి మా ఫ్రిజ్ మీద ఉన్న తిరుపతి వెంకన్న అయస్కాంతం బొమ్మను జేబులో వేసుకొని మరీ వెళ్ళాను. ఉక్కయితే అంటుకుంటుంది, లప్పం అయితే జారిపోతుంది. ఇంత చిన్న పరీక్ష.

స్వామి జేబులోనే ఉన్నాడు. నేను అరిసెలు తిన్నాను.

వెళ్ళగానే వదినగారు ఫిల్టర్ కాఫీ, అరిసెలు పెట్టారు. నువ్వులద్దినవి, నిజంగా బాగున్నాయి, మూడు తిన్నాను. మీదే ఊరు, ఏ కాలేజీ, మీ నాన్నగారు ఏం చేస్తారు అంటూ అరగంట గడిచింది. బయటికి వచ్చి బండి పక్కన వంగబోతే ఆయన భుజం పట్టుకొని లేపాడు. "నేల తడిగా ఉంది తమ్ముడూ, ప్యాంటు పాడవుతుంది. సిల్స్ నేనే దగ్గరుండి చేయించాను. అన్నయ్య మీద నమ్మకం లేదా?" అన్నాడు. ప్యాంటు 30 పౌండ్లది. దానికోసం 4,800 పౌండ్లను తడి నేల మీద వదిలేసిన తెలివి నాది. సంతలో గేదెను కొనేటప్పుడు మా తాత పళ్ళు చూసేవాడు, పొదుగు పట్టి చూసేవాడు, పది అడుగులు నడిపించి చూసేవాడు. ఆయన మనవడు కాఫీ గ్లాసు చేత్తో పట్టుకొని పెయింటు మెరుపు చూసి తలాడించాడు.

ఈలోగా లెస్టర్ నుంచి ఇంకెవరో బయలుదేరారట. అందుకని నేను తొందరపడాలట. పడ్డాను. ఫుట్‌పాత్ మీదే నిలబడి ఫోనులో ఇన్సూరెన్స్ తీసుకున్నాను, డబ్బు పంపాను. "పాత బండికి పన్ను సున్నా తమ్ముడూ, నువ్వేమీ చేయనక్కర్లేదు" అన్నాడు. సున్నా అయినా సరే కొత్త యజమాని తన పేరు మీద మళ్ళీ నమోదు చేసుకోవాలి, అమ్మినవాడిది కొన్నవాడికి రాదు. ఆ సంగతి నాకు ఇంటికి వచ్చాక తెలిసింది. అంటే మోటార్‌వే మీద 40 మైళ్ళు, పక్కన నా భార్యను కూర్చోబెట్టుకొని, పన్ను నమోదు లేని బండి నడుపుకుంటూ వచ్చాను. పన్ను లేకపోవడమే ఆ రోజు అన్నిటికంటే చిన్న ప్రమాదమని మరుసటి ఆదివారం అర్థమైంది.

ఆ ఆదివారం ఉదయం వెనుక బ్రేకులు చూద్దామని బండితో వచ్చిన జాకీనే, పెట్టాల్సిన చోటే పెట్టి తిప్పడం మొదలుపెట్టాను. నాలుగు తిప్పులకు బండి లేవాలి. లేవలేదు. జాకీ మాత్రం పైకి పోతూనే ఉంది. అప్పడాన్ని పిడికిట్లో నలిపితే వచ్చే చప్పుడు వచ్చింది, ముందు మెల్లగా, తర్వాత ఒక్కసారిగా. తలుపు తెరవబోతే సగంలో ఇరుక్కుపోయింది. వంగి చూశాను, ఈసారి ఎవరూ భుజం పట్టుకోలేదు. జాకీ చేయి సిల్ లోపలికి దిగిపోయింది. పగిలిన చోట బంతిపూవు రంగు పెయింటు, దాని కింద వేలెడు మందం లప్పం, దాని వెనుక గోడ కన్నాలు పూడ్చే గట్టి నురగ, ఆ నురగలో నానిన గుడ్డపేలిక. అడుగున నల్లగా తారులాంటి పూత. ఉక్కు ఎక్కడుందా అని వేలు పెట్టి వెతికితే గోధుమ రంగు పొడి దోసెడు రాలింది. అప్పుడు తీశాను జేబులోంచి వెంకన్నను. ఎడమవైపు తలుపు కింద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎక్కడ పెట్టినా స్వామి ఒక్క క్షణం నిలవలేదు.

వెంటనే ఫోను చేశాను. ఇప్పటికీ నిద్ర పట్టనివ్వనిది పోయిన డబ్బు కాదు, ఈ ఫోనే.

"అన్నా, జాకీ సిల్‌లోకి దిగిపోయింది" అన్నాను.

"జాకీ ఎక్కడ పెట్టాలో తెలియనివాడివి పాత బండి ఎందుకు కొన్నావు?" అన్నాడు. తమ్ముడూ అన్న పిలుపు అప్పటికే ఎగిరిపోయింది, గమనించారా?

"లోపలంతా లప్పం, నురగ ఉంది. మీరే దగ్గరుండి చేయించానన్నారు కదా?"

"చేయించాను. అదే కదా నువ్వు చూస్తున్నది."

ఒక్క నిమిషం నాకు నోట మాట రాలేదు. బండి నడపడానికి యోగ్యమో కాదో ఏటా చూసే ఎంఓటీ పరీక్షకైనా ఎప్పుడూ తీసుకెళ్ళలేదా అని అడిగాను. నవ్వాడు. "40 ఏళ్ళు దాటిన బండికి ప్రభుత్వమే పరీక్ష అడగడం లేదు, నన్ను అడగడానికి నువ్వెవరు?" అన్నాడు. ఆ తర్వాత ఫోనుకు చేయి అడ్డం పెట్టానని అనుకొని, లోపల ఎవరో అడిగితే కాబోలు, "ఎవడో లేవే, ఆ పసుపు బండివాడు" అన్నాడు. నాకు స్పష్టంగా వినపడింది. వారం కింద ఊరూ పేరూ నాన్నగారి ఆరోగ్యం అడిగి తెలుసుకున్న తమ్ముడిని, ఇప్పుడు పసుపు బండివాడిని. చివరికి, అంతసేపూ తెలుగులో మాట్లాడినవాడు, రసీదు మీద రాసిన "సోల్డ్ యాజ్ సీన్" అనే మూడు ముక్కల ఇంగ్లిషు మాట అప్పజెప్పి ఫోను పెట్టేశాడు. చూసుకొనే కొన్నావు, ఇక నాకు సంబంధం లేదు అని దానర్థం. చూడనివ్వనివాడే ఆ మాట అనడం కొసమెరుపు.

ఫోను పెట్టేసరికి నాకు పట్టిన మత్తు దిగింది. కొనకముందు చేయాల్సిన పని అప్పుడు చేశాను. బండి నంబరు కొడితే పాత ఎంఓటీల చరిత్ర ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా కనిపిస్తుంది, రెండు నిమిషాల పని. 40 ఏళ్ళు దాటిన బండ్లకు మినహాయింపు వచ్చింది 2018 మేలో. నా బండి చివరి పరీక్ష 2017లో. ఫెయిల్. సీటు బెల్టు బిగించిన చోటుకు 30 సెంటీమీటర్లలోపే తుప్పు అని రాసి ఉంది. ఆ తర్వాత మళ్ళీ పరీక్షకు వెళ్ళిన దాఖలా లేదు. ఆ బెల్టే పెట్టుకొని మా ఆవిడ 40 మైళ్ళు నా పక్కన కూర్చుంది, జుట్టు గాలికి ఎగురుతోందని నవ్వుతూ.

ఇక ఆ ఏడేళ్ళ ప్రేమ. అమ్మకం రోజున ఆయన లాగ్‌బుక్‌ను, అంటే మన ఆర్‌సీ లాంటిదాన్ని, చేతికి ఇవ్వకుండా నంబరు మాత్రం చదివి వినిపించాడు, ఆన్‌లైన్‌లో నా పేరుకు తానే మార్చాడు. ఎంత సహాయం! అయితే ఆ రోజు నేను పరధ్యానంగా తీసిన ఒక ఫోటోలో ఆ పుస్తకం మొదటి పేజీ పడింది. పెద్దది చేసి చూశాను. బండి ఆయన చేతికి వచ్చింది ఈ సంవత్సరం ఫిబ్రవరిలో.

ఇన్సూరెన్స్ భాగవతం వేరే. కొనేటప్పుడు ఆయన ఒక కాగితం చూపించాడు: బండికి ఒప్పుకున్న విలువ 9,500 పౌండ్లు. మామూలు పాలసీలో బండి పోతే ఆ రోజు బజారు ధర ఎంతని కంపెనీ అనుకుంటే అంతే ఇస్తుంది. పాత బండ్లకు మాత్రం ముందే ఇంత అని ఇద్దరూ ఒప్పుకొని రాసుకోవచ్చు. మంచి పద్ధతే. "ఈ విలువ బండితోపాటే నీకు వస్తుంది" అన్నాడు. రాదు. అది పాలసీ తీసుకున్న మనిషికీ కంపెనీకీ మధ్య ఒప్పందం, బండి చేతులు మారితే చెల్లు. ఆ కాగితం పైభాగం మడిచి ఎందుకు చూపించాడో కూడా ఇప్పుడు తెలిసింది. ఇచ్చిన ఫైలులో అది ఉంది. మడత విప్పితే ఇంకెవరి పేరో, 2016 నాటి తేదీ.

నేను ఫుట్‌పాత్ మీద తీసుకున్నది ఆ రకం పాలసీ కాదు, అన్నిటికంటే చవకగా కనిపించిన మామూలుది. మార్పులు ఏమైనా ఉన్నాయా అని అడిగితే లేవని నొక్కాను, "అంతా అసలుదే" అన్న మాట నమ్మి. బానెట్ తెరిస్తే రెండు ఎస్‌యూ కార్బురేటర్లు ఉండాల్సిన చోట వెబర్ అనే వేరే కంపెనీది ఒకే ఒకటి ఉంది. అదైనా చూసి ఉండొచ్చు కదా అంటారా? చూశాను. మెరుస్తోందని సంతోషించాను.

పాత బండ్ల ఇన్సూరెన్స్ చేసే ఒక సంస్థకు ఫోను చేశాను. పాపం, ఆ అమ్మాయి ఓపికగా అన్నీ అడిగింది. రోజూ వాడే కారు వేరే ఉందా, రాత్రి గ్యారేజీలో పెడతారా, ఏడాదికి ఎన్ని మైళ్ళు, మార్పులేమిటి. అన్నిటికీ జవాబులు చెప్పాను. నా రోజువారీ కారు మీద ఎన్నేళ్ళుగానో కూడబెట్టుకున్న నో క్లెయిమ్ బోనస్ దీనికి పనికిరాదని, దీనికి దాని అవసరమూ లేదని చెప్పింది. చివరికి "బండి ఇప్పుడు రోడ్డు మీద నడపడానికి యోగ్యంగా ఉందా?" అని అడిగింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. జాకీ ఇంకా సిల్‌లోనే గుచ్చుకొని ఉంది. జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఎంఓటీ అక్కర్లేదన్నంత మాత్రాన ఎలాంటి బండినైనా నడపొచ్చని కాదు. ప్రమాదకరమైన స్థితిలో ఉన్న బండిని రోడ్డెక్కిస్తే 2,500 పౌండ్ల దాకా జరిమానా, లైసెన్సు మీద 3 పాయింట్లు. తుప్పుకు క్లెయిమ్ వస్తుందా అని పాత కంపెనీని కూడా అడిగాను, సిగ్గు విడిచి. అది ప్రమాదం కాదు, అరుగుదల అన్నారు. న్యాయమే. ఆ పాలసీ రద్దు చేసుకుందామంటే 14 రోజుల గడువు ముందు రోజే దాటింది, దానికీ రుసుము పట్టుకున్నారు.

ఇప్పుడు బండి రోడ్డు మీద తిరగదని, బండ్ల రిజిస్ట్రేషన్లు చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్ఏకు తెలియజేశాను, మా ఇంటి వాకిట్లోనే నిలిపాను, నిప్పుకూ దొంగతనానికీ మాత్రం వర్తించే చిన్న పాలసీ తీసుకున్నాను. దొంగ ఎత్తుకెళ్తే దండం పెడతాను. రెండు వైపులా సిల్స్ కోసి కొత్తవి వెల్డింగ్ చేయడానికి 3,600 పౌండ్లు అడిగాడు వెల్డర్, పెయింటు కాకుండా.

నేను ఊరుకోలేదు. "సిల్స్ గట్టివి, వెల్డింగ్ అవసరం లేదు" అని ఆయన నాకు పంపిన సందేశం భద్రంగా ఉంది. సొంత బండి అమ్ముకునే మనిషైనా సరే, లేనిది ఉన్నట్టు చెప్పి అమ్మకూడదు. ఫిబ్రవరిలో కొని ఇప్పుడు అమ్మి, వెంటనే ఇంకొకటి బయటికి తీసేవాడు సొంత బండి అమ్ముకునేవాడేనా, వ్యాపారా అన్నది నా ప్రశ్న. వ్యాపారి అని తేలితే 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం 30 రోజుల్లోపు బండి తిప్పి ఇచ్చేయవచ్చు. ఈ రోజుకు 22 రోజులు. రిజిస్టర్డ్ ఉత్తరం నిన్ననే వెళ్ళింది. 10,000 పౌండ్ల లోపు తగాదా కాబట్టి చిన్న దావాల కోర్టు సరిపోతుంది.

మీకు చెప్పేది కొంచెమే. నంబరు కొట్టి ఎంఓటీ చరిత్ర చూడండి. లాగ్‌బుక్ మీ చేత్తో పట్టుకొని తేదీ చదవండి. ఇన్సూరెన్స్ ధర ముందు రోజే ఇంట్లో కూర్చొని కనుక్కోండి, ఫుట్‌పాత్ మీద కాదు. ఎంజీ క్లబ్బుల్లో తుప్పు వాసన పట్టే ముసలివాళ్ళు ఉంటారు, ఒకరిని బతిమాలి వెంట తీసుకెళ్ళండి. స్పిట్‌ఫైర్‌కు విడిగా చాసిస్ ఉంది కదా అని ధీమా పడకండి, దానికీ సిల్స్ బలం కావాలి. ఆయన ఆ బానెట్ మొత్తం ముందుకు వంచి ఇంజన్ చూపిస్తాడు, చూడటానికి భలే ఉంటుంది. మీరు మాత్రం తలుపు కింద చూడండి. పాత ప్యాంటు వేసుకొని వెళ్ళండి.

అరిసెలు తినండి, వదినగారి తప్పేమీ లేదు. బండి కింద పడుకొని లేచాక తినండి.