రాక్ దించి నేల మీదికి: ఫ్రాక్టల్ ఎఫ్ఎం9తో మూడేళ్లు

పదేళ్ల పాటు నా గిటార్ సౌండ్ అంతా ఒక నల్ల పెట్టెలో ఉండేది. ఫ్రాక్టల్ ఆడియో వాళ్ల యాక్స్-ఎఫ్ఎక్స్ 2. రకరకాల యాంప్‌ల, ఎఫెక్టుల సౌండ్‌ని లెక్కలతో పుట్టించే మోడలర్. రాక్ అంటే పరికరాలు బిగించే కేసు, అందులో రెండు యూనిట్ల (రెండు అరల) ఎత్తుండేది. 2011లో మార్కెట్‌లోకి వచ్చింది. నేను ఆ మరుసటి సంవత్సరం అమెరికాలో ఉన్న స్నేహితుడి చేత తెప్పించుకున్నాను. 2022 చివర్లో దాన్ని అమ్మేసి, అదే కంపెనీ 2021లో తెచ్చిన ఎఫ్ఎం9 కొన్నాను. ఇది రాక్‌లో బిగించేది కాదు, కాళ్ల దగ్గర నేల మీద పెట్టుకునేది. తొమ్మిది ఫుట్‌స్విచ్‌లు, ఒక్కో స్విచ్‌కి దాని పేరు చూపించే చిన్న తెర, పైన పెద్ద రంగుల తెర. పెళ్లిళ్లు, సంగీత్‌లు, వినాయక చవితి పందిళ్లు, కాలేజీ ఫెస్టులు, గుడి ఉత్సవాలు అన్నీ ఈ మూడేళ్లూ దీని మీదే వాయించాను. సీజన్‌లో నెలకి పది, పన్నెండు ప్రోగ్రాములు ఉంటాయి. అంత వాడాక చెబుతున్న మాటలివి.

ముందు రాక్ సంగతి చెప్పాలి, ఎందుకంటే దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. సౌండ్ నచ్చక మార్చలేదు. యాక్స్-ఎఫ్ఎక్స్ 2లో నేను కట్టుకున్న క్లీన్ టోన్ (గరుకు లేని శుభ్రమైన సౌండ్) విని, వెనకాల నిజంగా ట్విన్ రివర్బ్ యాంప్ ఉందా అని అడిగినవాళ్లున్నారు. మార్చింది బరువు వల్ల, దూరం వల్ల.

నాలుగు యూనిట్ల కేసు. అందులో మోడలర్, వైర్‌లెస్ రిసీవర్, అడుగున ఒక చిన్న యూపీఎస్. మూతలు పెట్టి తూస్తే 31 కిలోలు. కాలితో సౌండ్లు మార్చే ఫుట్ కంట్రోలర్ దీనికి అదనం. దేశంలో విమానం ఎక్కితే మామూలుగా చెకిన్ లగేజీ 15 కిలోలే, అంటే విశాఖలో ఒక రాత్రి ప్రోగ్రాముకి గిటార్ కాకుండానే రెండింతల లగేజీ. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో కాకినాడ వెళ్తే ఆ కేసు కింది బెర్త్ కిందికి దూరదు. రాత్రంతా నడిచే దారిలో పెట్టి, వచ్చేపోయేవాళ్లకి సర్ది చెబుతూ కూర్చోవాలి. ఇరవైల్లో ఇవన్నీ పట్టించుకోలేదు. నలభై దాటాక నడుము పట్టించుకుంది.

దూరం విషయం రాజమండ్రిలో ఒక పెళ్లిలో బాగా తెలిసింది. రాక్ స్టేజీ వెనక, కంట్రోలర్ నా కాళ్ల దగ్గర, మధ్యలో పదిహేను మీటర్ల ఈథర్నెట్ కేబుల్. కంట్రోలర్‌కి కరెంటూ సిగ్నలూ ఆ ఒక్క తీగలోనే. పెళ్లికొడుకు స్నేహితులు స్టేజీ ఎక్కి డ్యాన్స్ మొదలుపెట్టారు. ఎవరి కాలు తగిలిందో, కనెక్టర్ క్లిప్ విరిగి తీగ ఊడింది. కంట్రోలర్ లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. గిటార్ పలుకుతూనే ఉంది గానీ పల్లవికి పెట్టుకున్న క్లీన్ టోన్ దగ్గరే ఉండిపోయింది. ఇంకో ఎనిమిది బార్లలో సోలో. నేను స్టేజీ వెనక్కి పరిగెత్తి, చీకట్లో రాక్ ముందు మోకాళ్ల మీద కూర్చుని ప్యానెల్ మీద సౌండ్ మార్చేసరికి, మా కీబోర్డ్ అతను పరిస్థితి గమనించి ఆ సోలో తనే అందుకున్నాడు. శ్రోతలకి తేడా తెలియలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా సౌండ్ ఒక చోట, నా కాలు ఇంకో చోట ఉన్నాయని అప్పుడు అర్థమైంది.

ఎఫ్ఎం9 వచ్చాక ఆ తీగ లేదు. స్విచ్ నొక్కేది, సౌండ్ తయారయ్యేది ఒకే పెట్టె. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ మూడేళ్లలో నాకు బాగా ఉపయోగపడింది ఇదే. మిక్సర్ అతను మిడ్స్ (మధ్య స్థాయి స్వరాలు) ఎక్కువయ్యాయన్నాడా, వంగి నాబ్ తిప్పితే అయిపోతుంది. గ్లోబల్ ఈక్వలైజర్ ఎక్కడుందో చేతికి తెలుసు. పాటకీ పాటకీ మధ్య యాంకర్ నాలుగు మాటలు మాట్లాడేలోపు సరిచేసుకుంటున్నాను. రాక్ రోజుల్లో ఆ పని సౌండ్ చెక్‌లో అయితేనే అయ్యేది.

ఇక పాత ప్రీసెట్ల, అంటే దాచుకున్న సౌండ్ అమరికల, సంగతి. రాక్ నుంచి మారేవాళ్లు ముందు అడిగేది ఇదే. యాక్స్-ఎఫ్ఎక్స్ 2 ప్రీసెట్‌ని తీసుకెళ్లి ఎఫ్ఎం9లో పెడితే పనిచెయ్యదు. రెండూ వేరే తరాలు. పాత దాంట్లో ఒక్కో బ్లాక్‌కి (యాంప్, ఎఫెక్ట్ లాంటి ఒక్కో భాగానికి) ఎక్స్, వై అని రెండే స్థితులు. ఇందులో ఏ, బీ, సీ, డీ అని నాలుగు చానెళ్లు. యాంప్ మోడల్ పేర్లు చాలా వరకు అవే ఉన్నా లోపలి లెక్క మారిపోయింది. నేను మొదట్లో పాత నాబ్ అంకెలన్నీ కాగితం మీద రాసుకుని ఇక్కడ అవే అంకెలు పెట్టాను. క్లీన్ ఫరవాలేదు. బ్రిట్ 800 అనే యాంప్ మోడల్ మీద కట్టుకున్న రిథమ్ టోన్ మాత్రం మొద్దుబారినట్టు వచ్చింది. వారం రోజులు ఆ అంకెలతోనే కుస్తీ పట్టాను. చివరికి కాగితం పక్కన పడేసి, అన్ని నాబ్‌లూ మధ్యలో పెట్టి, చెవితో మళ్లీ మొదలుపెట్టాను. రెండు సాయంత్రాల్లో పని అయిపోయింది. మారాలనుకునేవాళ్లు ఆ వారం వృథా చేసుకోవద్దు. కాబినెట్ ఐఆర్ ఫైళ్లు (స్పీకర్ పెట్టె పలికే తీరుని పట్టి ఉంచినవి) వేవ్ రూపంలో దాచుకుని ఉంటే అవి మాత్రం ఇందులోనూ వాడుకోవచ్చు. మీ పాత సౌండ్‌లో సగం వాటిలోనే ఉంటుంది.

పాత రాక్‌లో అరవైకి పైగా ప్రీసెట్లు పెట్టుకుని పాటకొకటి మార్చేవాణ్ణి. ఇప్పుడు 512 స్లాట్లున్నా నేను వాడేవి పదకొండు. కారణం సీన్లు. ఒక్కో ప్రీసెట్‌లో ఎనిమిది సీన్లు, అంటే అదే ప్రీసెట్‌కి ఎనిమిది రకాల అమరికలు, పెట్టుకోవచ్చు. పాత దాంట్లోనూ ఉండేవి గానీ, రెండే స్థితులు కాబట్టి క్లీన్, క్రంచ్ (కాస్త గరుకు సౌండ్) అయ్యాక సోలోకి ఇంకో యాంప్ బ్లాక్ వెయ్యాల్సి వచ్చేది. ఎక్స్ నుంచి వైకి మారేటప్పుడు సన్నని ఖాళీ వినబడేది కూడా. ఇక్కడ ఒకే యాంప్ బ్లాక్‌లో ఏ చానెల్ క్లీన్, బీ లైట్ క్రంచ్, సీ రిథమ్, డీ లీడ్. సీన్ల పేర్లు నేను మన పాట నడకకి తగ్గట్టు పెట్టుకున్నాను: పల్లవి, ఒకటో ఇంటర్లూడ్, చరణం, రెండో ఇంటర్లూడ్, సోలో, ముగింపు. స్విచ్ పైనున్న చిన్న తెర మీద ఇంగ్లిష్ అక్షరాల్లో 'చరణం' అని కనబడుతుంటే పాటలో ఎక్కడున్నామో వెతుక్కోనక్కర్లేదు. కొత్త గాయని పల్లవి మరోసారి ఎత్తుకున్నా కాలు అదే స్విచ్‌కి వెళ్తుంది. ఎనభైల నాటి పాటలకి పల్లవి సీన్‌లో కోరస్, కొంచెం కంప్రెషన్. ఇప్పటి మాస్ పాటలకి అదే చోట డ్రాప్ ట్యూనింగ్ కోసం, అంటే శ్రుతి దించడానికి, పిచ్ బ్లాక్.

సౌండ్‌లో తేడా ఉందా అంటే, ఉంది. అది శ్రోతల కంటే నా వేళ్లకి ఎక్కువ తెలుస్తుంది. గిటార్ వాల్యూమ్ నాబ్ ఏడుకి తగ్గిస్తే ఎఫ్ఎం9లో క్రంచ్ శుభ్రమవుతూ పోతుంది, ప్రకాశం పోదు. పాత దాంట్లో ఇంత సహజంగా ఉండేది కాదు. నెమ్మదిగా మీటిన తీగకీ గట్టిగా కొట్టిన తీగకీ మధ్య దూరం పెరిగింది. మెలోడీ పాటల్లో గమకం తీసేటప్పుడు, బెండ్ చేసిన స్వరం చివర్లో సన్నగా ఆరిపోయే తీరు నాకు చాలా ఇష్టం. అయితే పందిట్లో పెద్ద పెద్ద సబ్ వూఫర్ల ముందు నిలబడ్డవాడికి ఈ తేడా చేరుతుందని నేను చెప్పను. సౌండ్ కోసమే మారాలనుకుంటే, ఇంట్లో రికార్డింగ్ చేసేవాళ్లకే ఆ ఖర్చు గిట్టుబాటు. దిగుమతి సుంకం కలిపితే మన దగ్గర దీని ధర తక్కువేమీ కాదు. రాక్ అమ్మగా వచ్చిన డబ్బు అందులో సగానికి కూడా చాలలేదు.

ప్రాసెసర్ మీద ఎంత భారం పడుతోందో చూపించే సీపీయూ మీటర్ మీద ఒక కన్ను వెయ్యడం అలవాటు చేసుకోవాలి. నేను 80 శాతం దగ్గరికి వస్తోందంటే ఒక బ్లాక్ తీసేస్తాను. ఇప్పటిదాకా దీని వల్ల ఏ పాటా ఆగలేదు.

ఇప్పుడు నేల సంగతి. రాక్ వాడినన్నాళ్లూ నేల మీద ఏముందో ఆలోచించలేదు. కంట్రోలర్ మీద ఏదైనా ఒలికినా సౌండ్ పెట్టె క్షేమంగా వెనకుండేది. ఇప్పుడు నా బతుకుతెరువంతా కాళ్ల మధ్య ఉంది. సంగీత్‌లో పేపర్ బ్లాస్ట్ కొడితే మెరుపు కాగితాలన్నీ స్విచ్‌ల సందుల్లోకి పోతాయి. పందిళ్లలో ఎర్రమట్టి. ఒకసారి ఎవరో కొబ్బరిబోండం తెచ్చి నా పక్కన పెట్టారు, అది దొర్లింది. నీళ్లు అరచేతి దూరంలో ఆగాయి. మర్నాడే మా వీధి వడ్రంగి దగ్గరికెళ్లి ప్లైవుడ్‌తో ఏటవాలు పలక చేయించాను. ముందు అంగుళం, వెనక మూడు అంగుళాల ఎత్తు, అడుగున రబ్బరు. యూనిట్ నేలకి తగలదు, తెర నా వైపు వాలి ఉంటుంది కాబట్టి పగటి వెలుతురులో చదవడం కూడా తేలికైంది. మూడు వందల యాభై రూపాయల పని. కొన్నవాళ్లందరూ ఏదో ఒక రూపంలో ఇలాంటిది చేయించుకోవాలని నా గట్టి సలహా.

వట్టి కాళ్లతో వాయించడం గురించి సమీక్షల్లో ఎవరూ రాయరు. మనకి తప్పదు. గుడి ఉత్సవాల్లో స్టేజీ ప్రాంగణంలోనే ఉంటుంది, చెప్పులు విడిచి ఎక్కాలి. బూటుతో అయితే స్విచ్‌ని టక్కున కొట్టి కాలు తీసేస్తాం. వట్టి కాలితో బొటనవేలి కింది మెత్తని భాగం పెట్టి నొక్కుతాం, తీసేసరికి ఆలస్యమవుతుంది. ఎఫ్ఎం9లో ఒక్కో స్విచ్‌కి రెండు పనులు అప్పగించొచ్చు: తట్టితే ఒకటి, నొక్కి పట్టుకుంటే ఇంకొకటి. నేను సోలో స్విచ్‌ని నొక్కి పట్టుకుంటే ట్యూనర్ వచ్చేలా పెట్టుకున్నాను. మొదటి ఉత్సవంలో సోలో అందుకోబోతుంటే ట్యూనర్ తెరుచుకుని గిటార్ మూగబోయింది. రెండో సంగతి ఇంకా సూక్ష్మం. ఏ స్విచ్‌కైతే నొక్కి పట్టే పని ఉందో, ఆ స్విచ్ తట్టినప్పటి పని కాలు కింద పెట్టగానే జరగదు, పైకి తీశాకే జరుగుతుంది. వట్టి కాలు నెమ్మది కాబట్టి సీన్ మార్పు తాళానికి కాస్త వెనక పడుతుంది. అందుకని పాట మధ్యలో వాడే స్విచ్‌లన్నిటికీ నొక్కి పట్టే పని తీసేశాను. ట్యూనర్‌ని పై వరుసలో చివరి స్విచ్‌కి పంపాను. పక్కపక్క స్విచ్‌ల మధ్య దూరం నా పాదానికి సరిపోతోంది.

పాదంతో ముందుకీ వెనక్కీ వంచే ఎక్స్‌ప్రెషన్ పెడల్ ఇందులో లేదు. విడిగా కొని వెనక జాక్‌కి తగిలించాలి. వా, వాల్యూమ్ వాడేవాళ్లు సంచిలో దానికీ చోటు లెక్కేసుకోవాలి. అవన్నీ కలిపినా నా సంచి ఇప్పుడు తొమ్మిది కిలోలు దాటదు. ఒక భుజానికి ఇది, ఇంకో భుజానికి గిటార్, ఆటో ఎక్కేస్తున్నాను.

నిజంగా పోగొట్టుకున్నది కరెంటు ధీమా. రాక్ అడుగున యూపీఎస్ ఉండేది కాబట్టి జనరేటర్ మార్చేటప్పుడు ఆ క్షణం కరెంటు పోయినా మోడలర్ ఆగేది కాదు. ఇప్పుడు పోతే మొత్తం మళ్లీ మొదటి నుంచి బూట్ అవ్వాలి, ఆలోపు పాట సగం అయిపోతుంది. ఆ టెన్షన్ తట్టుకోలేక ఇప్పుడు కీబోర్డ్ అతని యూపీఎస్‌లో ఒక సాకెట్ నాకు ఖాయం చేయించుకున్నాను. బదులుగా అతని స్టాండు మోయడం నా పని. ఎర్తింగ్ సరిగ్గా లేని చోట వచ్చే హమ్ మాత్రం రాక్‌తోనూ ఉండేది, దీనితోనూ ఉంది. సిగ్నల్‌ని మిక్సర్‌కి పంపే డీఐ బాక్స్, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది, ఒకటి సంచిలో పెట్టుకుంటే, దాని మీద గ్రౌండ్ లిఫ్ట్ (ఎర్త్ లింకు తెంపే స్విచ్) నొక్కగానే చాలా చోట్ల పోతుంది.

ఇంట్లో రికార్డింగ్‌కి రాకే సుఖం. కళ్లకి ఎదురుగా తెర, చేతికి అందే నాబ్‌లు. ఎఫ్ఎం9ని బల్ల మీద పెడితే మానిటర్‌కి అడ్డం, కింద పెడితే వంగాలి. నేను దాన్ని పీట మీద పెట్టి, మార్పులన్నీ ల్యాప్‌టాప్‌లో ఎఫ్ఎం9-ఎడిట్‌తో చేస్తాను. స్టూడియోలోనే కూర్చుని వాయించేవాళ్లు, స్టేజీ ఎక్కేది ఏడాదికి రెండుసార్లే అనేవాళ్లు రాక్ అమ్ముకోనక్కర్లేదు. వారానికి రెండు ఊళ్లు తిరిగేవాళ్లయితే ఆలస్యం చెయ్యొద్దంటాను.

నా పాత యాక్స్-ఎఫ్ఎక్స్ 2 అలాగే ఒక స్టూడియోకి వెళ్లింది. పోయిన నెల అక్కడ ఒక పాటకి వాయించడానికి పిలిచారు. ఎఫ్ఎం9 తీసుకెళ్లాను గానీ సంచి తెరవలేదు, దాని మీదే వాయించాను. ప్యానెల్ అంచున నేను పదేళ్ల కిందట అంటించిన తెల్ల టేపు ఇంకా ఉంది, దాని మీద బాల్ పెన్నుతో నా రాత: 'సోలో, మూడు డీబీ ఎక్కువ'. ఆ రోజూ సోలోకి మూడు డీబీయే పెంచాం.