షరతుల సాయమా, స్నేహదేశం అప్పా, సొంత దారా: కష్టాల్లో ఉన్న దేశానికి ఏది మేలు?

"షరతులతో వచ్చే సాయం మాకు అక్కర్లేదు" అని ఏ ప్రభుత్వమైనా గట్టిగా ప్రకటిస్తే ముందు అడగాల్సింది ఒక్కటే: కేంద్ర బ్యాంకు దగ్గరున్న డాలర్లు ఎన్ని నెలల దిగుమతులకు వస్తాయి? మూడు నెలలకు పైగా వస్తాయంటే బేరమాడే వ్యవధి ఉన్నట్టే. నెలకు దిగాయంటే వద్దనే హక్కు కాగితం మీదే మిగిలింది.

ఈ లెక్కలోనే చాలామంది బోల్తా పడతారు. పత్రికల్లో కనిపించే మొత్తం నిల్వను నమ్మకూడదు. వాడుకోవడానికి వీల్లేని సొమ్మును, రాబోయే 12 నెలల్లో కట్టాల్సిన విదేశీ వాయిదాలను అందులోంచి తీసేసి, మిగిలినదాన్ని నెల దిగుమతుల బిల్లుతో భాగించాలి. నిల్వ 300 కోట్ల డాలర్లు, అందులో వాడలేనిది 120 కోట్లు, ఏడాది వాయిదాలు 90 కోట్లు, నెల దిగుమతులు 60 కోట్లు అనుకుందాం. పైకి ఐదు నెలల ధీమా కనిపిస్తుంది. చేతిలో ఉన్నది నెలన్నర.

శ్రీలంక ఇక్కడే దెబ్బతింది. 2019 చివరికి ఆ దేశం నిల్వలు దాదాపు 760 కోట్ల డాలర్లు. 2021లో చైనా కేంద్ర బ్యాంకుతో వెయ్యి కోట్ల యువాన్ల మారకపు ఒప్పందం (ఒకరి కరెన్సీ ఇంకొకరు తీసుకుని తర్వాత తిరిగిచ్చేది) కుదిరింది. అంటే సుమారు 150 కోట్ల డాలర్లు నిల్వల లెక్కలో చేరాయి. ఐఎంఎఫ్ (కష్టాల్లో పడ్డ దేశాలకు అప్పిచ్చే అంతర్జాతీయ ద్రవ్యనిధి) షరతులు లేని డబ్బు అని చెప్పుకున్నారు. తీరా చూస్తే దానికీ ఒక షరతు ఉంది: మూడు నెలల దిగుమతులకు సరిపడా నిల్వలు ఉంటేనే ఆ సొమ్ము వాడుకోవాలి. ఆకలి లేనప్పుడే తెరుచుకునే గాదె అది. 2022 జనవరిలో 50 కోట్ల డాలర్ల బాండు చెల్లించి పరువు నిలుపుకున్నారు. ఏప్రిల్ 12న విదేశీ అప్పుల చెల్లింపులు ఆపేశారు. మే నాటికి వాడుకోగలిగిన నిల్వ 5 కోట్ల డాలర్లు కూడా లేదని ఆర్థిక మంత్రే పార్లమెంటులో చెప్పాల్సి వచ్చింది.

కాబట్టి షరతులున్న డబ్బు, లేని డబ్బు అనే విభజనే తప్పు. కొన్ని షరతులు ముందుగా రాసి అందరికీ చూపిస్తారు, కొన్ని ఒప్పందం లోపలి పేజీల్లో ఉంటాయి, కొన్ని చెల్లించలేని రోజున గానీ బయటపడవు. పోల్చాల్సింది వీటినే.

ఐఎంఎఫ్ దారి

ఇక్కడ డబ్బు విడతలుగా వస్తుంది. శ్రీలంకకు 2023 మార్చి 20న మంజూరైంది నాలుగేళ్లలో సుమారు 300 కోట్ల డాలర్లు. మొదటి విడతలో చేతికందింది 33 కోట్లు. ఒక్కో విడతకు ముందు సమీక్ష ఉంటుంది. షరతులు మూడు రకాలు. బోర్డు సమావేశానికి ముందే చేసి చూపాల్సినవి కొన్ని: పన్ను చట్టం, కరెంటు ఛార్జీల సవరణ లాంటివి. రెండో రకం అంకెలు: నిల్వలు ఇంతకు తగ్గకూడదు, లోటు ఇంత దాటకూడదు. తప్పితే విడత ఆగుతుంది, లేదా బోర్డు మినహాయింపు ఇవ్వాలి. మూడోది సంస్కరణల గడువులు. ఇవి కొంచెం ఆలస్యమైనా సర్దుకుంటారు.

దీని బలం డబ్బు పరిమాణంలో లేదు. సాధారణంగా ఐఎంఎఫ్ సంతకం పడితేనే ప్రపంచ బ్యాంకు, ఇతర దేశాలు కదులుతాయి, పాత అప్పులవాళ్లు తగ్గింపు మాట్లాడటానికి కూర్చుంటారు. తిరిగి కట్టడానికీ వ్యవధి దొరుకుతుంది. దీర్ఘకాలిక ఒప్పందమైతే నాలుగున్నర నుంచి పదేళ్లలో తీర్చాలి, స్టాండ్‌బై అనే మామూలు స్వల్పకాలిక ఒప్పందమైతే మూడేళ్ల మూడు నెలల నుంచి ఐదేళ్లలో. కోటాకు (ఐఎంఎఫ్‌లో ఆ దేశం వాటాకు) మూడు రెట్లు దాటిన బాకీ మీద అదనపు వడ్డీ పడుతుందన్నది చాలా చర్చల్లో మాయమయ్యే సంగతి.

నొప్పి మాత్రం నిజం. శ్రీలంకలో కరెంటు ఛార్జీలు 2022 ఆగస్టులో సగటున 75 శాతం, 2023 ఫిబ్రవరిలో మరో 66 శాతం పెరిగాయి. వ్యాట్ 2024 జనవరిలో 18 శాతానికి చేరింది. ఇంకోవైపు, 2022 సెప్టెంబరులో 70 శాతం దగ్గరున్న ద్రవ్యోల్బణం ఏడాది తిరగకముందే ఒక అంకెలోకి దిగింది. రెండూ ఐఎంఎఫ్‌తో చర్చలు, ఒప్పందం సాగిన కాలంలో జరిగినవే. ఒకటి మాత్రమే చెప్పేవాళ్లు అమ్మకానికి వచ్చినట్టు.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, ముందుగా ఏ పని తర్వాత ఏది అనే వరుసలో. 1997 నవంబరులో ఇండోనేషియా ఐఎంఎఫ్ ఒప్పందం ప్రకారం 16 బ్యాంకులు మూసింది. డిపాజిట్లన్నిటికీ పూర్తి హామీ ముందుగా ఇవ్వలేదు. మిగతా బ్యాంకుల దగ్గర కూడా జనం క్యూ కట్టారు. బ్యాంకు మూయడం తప్పు కాకపోవచ్చు. హామీకి ముందే మూయడం తప్పు. 1998 జనవరి నాటి ఒప్పందంలో లవంగాల గుత్తాధిపత్యం రద్దు దాకా చేర్చారు. పడిపోతున్న రూపయ్యాను నిలబెట్టడానికి లవంగాలతో ఏం పని? షరతుల జాబితా పెరిగేకొద్దీ ప్రభుత్వం తేలికైనవి చేసి టిక్కులు పెట్టుకుంటుంది, అసలువి వెనక్కి పోతాయి.

రెండో తప్పు, లోటు తగ్గించే భారాన్ని పరోక్ష పన్నుల మీద వేయడం. వసూలు చేయడం తేలిక గనుక ప్రభుత్వాలే దాన్ని ఎంచుకుంటాయి, నింద ఐఎంఎఫ్‌కు పోతుంది. కెన్యా 2024 ఆర్థిక బిల్లులో రొట్టె మీద 16 శాతం వ్యాట్ ప్రతిపాదించి, వెనక్కి తీసుకుంది. అయినా నిరసనలు ఆగలేదు. జూన్ 25న జనం పార్లమెంటులోకి చొచ్చుకొచ్చారు, మర్నాడు అధ్యక్షుడు బిల్లునే వదులుకున్నారు.

మూడోది, డబ్బు ఊపిరి తెప్పించగానే సంస్కరణ మానేయడం. పాకిస్తాన్ 1958 నుంచి ఇరవైకి పైగా ఒప్పందాలు చేసుకుంది.

స్నేహదేశం అప్పు, కట్టుబాటు సాయం

అత్యవసరంలో ఇది వేగంగా వస్తుంది. 2022లో శ్రీలంకకు ఐఎంఎఫ్ కంటే ముందు ఇంధనం, మందులు, ఆహారం అందింది భారత్ ఇచ్చిన దాదాపు 400 కోట్ల డాలర్ల సాయంతోనే. సంవత్సరం పట్టే చర్చలకు ముందు గడవాల్సిన నెలలు ఉంటాయి కదా. వాటికి ఇదే దారి.

ప్రాజెక్టు అప్పుల సంగతి వేరు. సామగ్రి, కాంట్రాక్టరు ఇచ్చే దేశం నుంచే రావాలన్న నిబంధన ఉంటే (కట్టుబాటు సాయమంటే ఇదే) ఖర్చు 15 నుంచి 30 శాతం పెరుగుతుందన్నది సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ వాడే అంచనా. అంటే వడ్డీ ఒక శాతం తక్కువని సంబరపడి అసలును ముందే పెంచుకున్నట్టు. ఇది ఒక్క చైనా అలవాటు కాదు. మలేషియాలోని పెర్గావు ఆనకట్టకు బ్రిటన్ 23.4 కోట్ల పౌండ్ల సాయం చేసింది. దాని వెనక ఆయుధాల అమ్మకం ఉందన్న రచ్చ లేచింది. 1994లో లండన్ హైకోర్టు ఆ సాయం చట్టవిరుద్ధమని తేల్చింది.

సొంత దారి

దీనికి అందరూ చూపే ఉదాహరణ మలేషియా. 1998 సెప్టెంబరు 1న పెట్టుబడుల రాకపోకల మీద ఆంక్షలు పెట్టింది. మర్నాడు డాలరుకు 3.80 రింగిట్లుగా విలువ బిగించింది. విదేశీ వాటాల సొమ్ము ఏడాది పాటు బయటకు పోకూడదని నిబంధన పెట్టింది. బతికి బట్టకట్టింది. అయితే అప్పటికి దాని విదేశీ ఖాతా (బయటి దేశాలతో రాబడి, ఖర్చుల లెక్క) మిగులులో ఉంది, స్వల్పకాలిక విదేశీ అప్పు ఇండోనేషియా, థాయిలాండ్‌లతో పోలిస్తే తక్కువ. ఈ రెండూ లేని దేశం ఇదే పని చేస్తే చీకటి బజారు డాలరు, ఖాళీ మందుల దుకాణాలు మిగులుతాయి. ఆంక్షలు ఉన్న డాలర్లను పట్టి ఉంచగలవు, లేనివాటిని పుట్టించలేవు.

చెల్లింపులు ఆపేయడం కూడా ఈ దారిలోదే. జాంబియా 2020 నవంబరులో ఆపింది. బాండ్లవాళ్లతో రాజీ అమల్లోకి వచ్చింది 2024 జూన్‌లో. అంటే మూడున్నరేళ్లు.

ఏది ఎప్పుడు

నిల్వలు మూడు నెలలకు తగ్గుతూ, విదేశీ ఖాతా లోటులో, ముందు పెద్ద బాండ్ల చెల్లింపులు ఉంటే ఐఎంఎఫ్ దగ్గరికి వెళ్లడమే మేలు. అదీ చెల్లింపులు ఆగకముందే. ఆగాక వెళితే అప్పిచ్చిన ప్రధాన దేశాల హామీలు తెచ్చేదాకా సాధారణంగా బోర్డు సంతకం పెట్టదు. శ్రీలంకకు అధికారుల స్థాయి ఒప్పందం 2022 సెప్టెంబరు 1న కుదిరింది, మొదటి డాలరు రావడానికి ఆరు నెలలు దాటింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

భారత్ 1991లో సంక్షోభంలో ఉండే వెళ్లింది గానీ ఉత్త చేతులతో వెళ్లలేదు. మేలో 20 టన్నుల బంగారం పంపి, జులైలో మరో 47 టన్నులు తాకట్టు పెట్టి వాయిదా తప్పకుండా కాచుకుంది. జులై 1న, 3న రూపాయి విలువ తగ్గించింది, 24న బడ్జెట్ పెట్టింది. సంస్కరణల ముసాయిదా ఏడాది ముందే ప్రభుత్వం లోపల చర్చకు వచ్చి ఉంది. అందుకే షరతుల్లో చాలా భాగం మనవాళ్లు ముందే రాసుకున్నదానికి దగ్గరగా ఉన్నాయి. ఐఎంఎఫ్ బృందం దిగేలోపు సొంత ప్రణాళిక బల్ల మీద లేకపోతే వాళ్లు తెచ్చిన కాగితమే ప్రణాళిక అవుతుంది.

బేరమాడాల్సినవి కొన్నే. పేదలకు పెట్టే ఖర్చు ఇంతకు తగ్గకూడదన్న అంకెను చాలా ఒప్పందాల్లో ఉత్త సూచికగా పెడతారు, తప్పినా విడత ఆగదు. దాన్ని తప్పనిసరి షరతుల్లోకి ఎక్కించాలి. సబ్సిడీ తీసేముందు నగదు ఖాతాల్లో పడాలి. ఇరాన్ 2010 డిసెంబరులో ఇంధన ధరలు పెంచకముందే ఇళ్ల ఖాతాల్లో డబ్బు వేసి, పెంచిన రోజున తీసుకోనిచ్చింది. ప్రభుత్వ సంస్థలకు ఇచ్చిన పూచీకత్తులతో సహా అప్పుల చిట్టా మొత్తం మొదటి రోజే చూపాలి. మొజాంబిక్‌లో దాచిన పూచీకత్తులు 2016లో బయటపడగానే ఐఎంఎఫ్‌తో పాటు సాయం చేసే దేశాలూ డబ్బు ఆపేశాయి.

స్నేహదేశం ఒప్పందమైతే మూడు చోట్ల వేలు పెట్టి చదవాలి. ఒప్పందం బయటపెట్టకూడదన్న నిబంధన ఉందా? ఎగుమతుల రాబడి అప్పిచ్చినవాడి చేతిలోని ఖాతాకు పోవాలని ఉందా? ఇంకో అప్పు వాయిదా తప్పినా ఇదంతా ఒకేసారి కట్టాలని ఉందా? మొదటి రెండూ కలిసి కనిపిస్తే వడ్డీ ఎంత తక్కువైనా సంతకం పెట్టకూడదు. రేపు ఐఎంఎఫ్ దగ్గరికి వెళ్లాల్సి వచ్చిన రోజున అడ్డం పడేవి అవే.