పోలార్ బేర్ ఫొటోలకు సోనీ 200-600: గ్లవ్స్ తీయకుండా తిరిగే జూమ్

సోనీ 200-600 ఎంఎం జూమ్ లెన్స్ స్పెసిఫికేషన్లు ఎక్కడైనా దొరుకుతాయి, అవి వదిలేస్తాను. నాకు చెప్పాలని ఉన్నది ఒక్క జూమ్ రింగ్ గురించే. కాస్త వెడల్పుగా చూపే 200 నుంచి దూరాన్ని దగ్గరికి లాగే 600కి తిప్పినా లెన్స్ ముందుకు సాగదు, కదలికంతా లోపలే. రింగ్ తిప్పాల్సింది కూడా చాలా కొంచెం. మందపాటి గ్లవ్స్ ఉన్నా రెండు వేళ్లతో ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లిపోవచ్చు. షాపులో ఇదంత గొప్పగా అనిపించదు. కెనడాలోని హడ్సన్ బే (అఖాతం) మీది నుంచి గాలి కొడుతుంటే, ఎలుగు మనవైపే నడిచొస్తుంటే అప్పుడు తెలుస్తుంది దీని విలువ.

మేముండేది కెనడాలోని విన్నిపెగ్‌లో. హడ్సన్ బే ఒడ్డున ఉన్న చర్చిల్ అనే ఊరికి రోడ్డు లేదు, రైలో విమానమో ఎక్కాలి. సముద్రం ఎప్పుడు గడ్డకడుతుందా అని అక్టోబర్, నవంబర్ నెలల్లో ఎలుగులు అక్కడి తీరంలో కాచుకుని ఉంటాయి. పెద్ద చక్రాల టండ్రా బండ్లలో కూర్చుని వాటిని చూస్తాం. ఒక మధ్యాహ్నం పొదల మధ్య పడుకున్న మగ ఎలుగు ఒకటి లేచి, ముక్కు పైకెత్తి వాసన చూసి, తిన్నగా మా బండి వైపు నడక మొదలుపెట్టింది. డ్రైవర్ అప్పటికే ఇంజన్ ఆపేశాడు. నేను వెనక డెక్ మీద, లెన్స్‌ను కమ్మీ మీద ఆనించి ఉన్నాను. 600లో మొదలుపెట్టాను. ఫ్రేమ్ నిండిపోతుంటే 450, తర్వాత 300, చివరికి 200. కన్ను వ్యూఫైండర్ మీంచి తీసింది లేదు. ముందుభాగం సాగని లెన్స్ కాబట్టి బరువు అటూ ఇటూ మారలేదు, ఆనించిన చోటు నుంచి కదపాల్సిన పనీ పడలేదు. నా పక్కాయనది సాగే రకం జూమ్. చలికి రింగ్ బిగుసుకుపోయి, గ్లవ్ తీసి రెండు చేతులతో తిప్పుకోవాల్సి వచ్చింది. ఆయన సర్దుకునేసరికి ఎలుగు బండి పక్కకొచ్చి, వెనక కాళ్ల మీద లేచి, ముందు పాదాలు బండికి ఆనించేసింది. అంత దగ్గర్లో 200 కూడా ఎక్కువే. నాకు దక్కింది కళ్లు, మూతి, మీసాల మీది మంచు. మొత్తం జంతువు కావాలంటే మెడలో వైడ్ లెన్స్‌తో ఇంకో కెమెరా బాడీ ఉండాల్సిందే. ఎగిరే మంచులో లెన్స్ మార్చే ఆలోచన వద్దు.

600 దగ్గర ఈ లెన్స్ షార్ప్‌గా ఉండదని కొందరంటారు. బండి కిటికీలోంచి తీసిన నా ఫొటోలు చూస్తే నిజమే అనిపిస్తుంది. కానీ డెక్ మీంచి తీసినవి చూస్తే ఆ మాట ఎవరూ అనరు. లోపల హీటర్ వేడి, బయట గడ్డకట్టే చలి. కిటికీ తెరవగానే వెచ్చటి గాలి బయటికి పోతూ, మే నెల తారు రోడ్డు మీదలాగే లెన్స్ ముందు అలలాడుతుంది. దాన్ని ఏ లెన్సూ గెలవలేదు. లోపలి నుంచి అప్పుడే తెచ్చిన లెన్స్‌కి ముందు గొట్టంలా ఉండే హుడ్ తగిలించినా ఆ గొట్టంలో వేడి గాలి ఇరుక్కుని ఇదే జరుగుతుంది. కెమెరా మొత్తం ముందే బయట పెట్టి చల్లబడనివ్వాలి. తిరిగి లోపలికి వచ్చేటప్పుడు బ్యాటరీ, కార్డు తీసేసి, బ్యాగ్ జిప్పు బిగించాకే తలుపు దాటాలి. లేకపోతే తేమంతా అద్దం మీద కూర్చుంటుంది.

ఇదంతా చర్చిల్ సంగతి. వేసవిలో ఓడ మీద నార్వేకి చెందిన ఆర్కిటిక్ దీవులు స్వాల్‌బార్డ్ వెళ్లాక నా ఉత్సాహం కొంత తగ్గింది. అక్కడ 2025 జనవరి 1 నుంచి ఎలుగుకు కనీసం 300 మీటర్ల దూరం పాటించాలి, మార్చి 1 నుంచి జూన్ 30 వరకైతే 500. ఈ నిబంధన న్యాయమైనదే. మనల్ని చూసి ఎలుగు వేట వదిలి లేచి నడిస్తే, ఆ శక్తి అది మళ్లీ సంపాదించుకోవాలి. అయితే 300 మీటర్ల దూరాన 600తో చూస్తే ఫ్రేమ్ వెడల్పు 18 మీటర్లు. రెండున్నర మీటర్ల ఎలుగు అందులో ఏడో వంతు. నా సోనీ ఏ7 ఫోర్ కెమెరాలో అది నిండా వెయ్యి పిక్సెళ్లు కూడా కాదు. లెన్స్‌కీ కెమెరాకీ మధ్య పెట్టి జూమ్‌ను 1.4 రెట్లు చేసే కన్వర్టర్ పెడితే 840 వస్తుంది కానీ అపర్చర్ ఎఫ్/9కి పడిపోయి వెలుతురు తగ్గుతుంది, పొగమంచులో ఫోకస్ తడబడుతుంది. అక్కడ నాకు బాగా వచ్చినవి 200 దగ్గర తీసినవే. పెద్ద హిమానీనదం ముందు చిన్నగా ఒక ఎలుగు. ఇలాంటి ఫొటో కోసం ఇంత బరువు మోయక్కర్లేదు, 70-200 లెన్స్ చాలు.

ఏటా చర్చిల్ వెళ్లగల దూరంలో ఉన్నాను కాబట్టి ఈ లెన్స్ అమ్మే ఉద్దేశం నాకు లేదు. హైదరాబాద్ నుంచి ఒకే ఒక్కసారి, అదీ స్వాల్‌బార్డ్‌కే వెళ్లేవాళ్లయితే కొనడం కంటే అద్దెకు తీసుకోవడం మేలు. మిగిలే డబ్బు ఎక్కువ మెగాపిక్సెళ్ల బాడీకి పెట్టండి. బాడీతో కలిపి బరువు మూడు కిలోలకు దగ్గరవుతుంది. భుజం నొప్పి ఉన్నవాళ్లు ఒక పూట మోసి చూశాకే నిర్ణయం తీసుకోండి.