మూడో అంతస్తు ప్లే స్కూలా, కింద ఇంట్లో క్రెషా: ఏది మేలు?

రెండేళ్ల పాప కోసం విజయవాడంతా తిరిగి చివరికి రెండింటి దగ్గర ఆగాం. ఒకటి కాంప్లెక్స్‌లో మూడో అంతస్తు. ఏసీ, లిఫ్టు, గదిగదికీ సీసీ కెమెరా, ఫోన్లో లైవ్. రెండోది పాత డాబా ఇంట్లో, కింద. ముందు వరండా, వెనక పెరడు, వెలిసిన గోడలు. ఫీజు పైదానికి దాదాపు రెట్టింపు.

కెమెరాలు చూసి మా ఆవిడ సగం ఒప్పేసుకుంది. నేను ఒక్కటే అడిగాను: పొగ వస్తే పిల్లల్ని ఎలా దించుతారు?

"లిఫ్ట్ ఉందిగా సార్" అన్నారు.

మంటలప్పుడు లిఫ్టు ఎక్కకూడదు. కరెంటు పోతే మధ్యలో ఆగిపోతుంది, దాని గొయ్యి పొగగొట్టంలా మారుతుంది. ఇక మిగిలింది మెట్లే. రెండేళ్ల పిల్ల మెట్టు దిగడం చూశారా? రెయిలింగ్ పట్టుకుని ఒక కాలు పెడుతుంది, రెండోది దాని పక్కనే పెడుతుంది, ఆగి మన మొహం చూస్తుంది. అప్పుడు ఇంకో మెట్టు. అక్కడ ఇరవై మంది పిల్లలకి ఇద్దరు టీచర్లు, ఒక ఆయమ్మ. తలో ఇద్దర్ని చంకనేసుకున్నా ఆరుగురే దిగుతారు. మిగతా పద్నాలుగు మంది కోసం మళ్లీ ఆ పొగలోకే ఎక్కాలి. పైగా మెట్ల మలుపులో చెప్పుల స్టాండు, ఖాళీ వాటర్ క్యాన్లు!

2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో బడి వంటింటి మంట ఆకుల పైకప్పుకి అంటుకుని 94 మంది పిల్లలు పోయారు. అక్కడా మెట్లు ఇరుకే.

కింద ఇంట్లో గుమ్మం దాటితే బయటే. పిల్లల్ని రోజూ పార్కుకి ముడులేసిన తాడు పట్టించి తీసుకెళ్తారు, ముడికొకరు. వాళ్లకి తెలియకుండానే అది డ్రిల్ అయిపోతోంది. హాజరు పుస్తకం, అమ్మానాన్నల నంబర్లతో సహా, గుమ్మం పక్క మేకుకే వేలాడుతుంది.

కిందదానికీ లోట్లున్నాయి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లకి సింగ్ నగర్‌లో కింది ఇళ్లు మునిగాయి. అది ఆదివారం కాబట్టి సరిపోయింది. ఈ ఇల్లు ఆ వైపుంటే నా ఓటు మేడకే. రెండు పక్కలా మెట్లున్న మొదటి అంతస్తు దొరికినా ఆలోచించేవాణ్ణి.

నన్ను భయపెట్టింది మాత్రం పెరటి తలుపు. దానికి తాళం.

"పిల్లలు బయటికి పోతారని వేశామండి. చెవి మేడమ్ గారి దగ్గరుంటుంది" అంది ఆయమ్మ.

మేడమ్ ఆ రోజు ఊళ్లో లేరు.

తాళం తీసేసి పిల్లలకి అందని ఎత్తులో గడియ పెట్టమన్నాను, వంటింట్లో గ్యాస్ సిలిండర్‌ని బయటికి మార్చమన్నాను. వారంలో రెండూ చేశారు. గడియ నేనే ఒక్క చేత్తో తీసి చూసి, ఫీజు కట్టి వచ్చాను.