జాయింట్ల కోసం సొంతంగా చేసుకున్న చేతిరంపం: కొన్నేళ్ల వాడకం తరువాత

విశాఖపట్నంలో పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల దుకాణాల్లో దొరికే చేతిరంపాలు తలుపు చట్రాలకూ పలకలకూ సరిపోతాయి గాని, సొరుగు మూలలో డవ్‌టెయిల్ జాయింట్ (పావురం తోక ఆకారంలో కోసి రెండు చెక్కలను ఒకదానిలో ఒకటి బిగించే అతుకు) కోయవలసి వస్తే వాటి రేకు మందం ఎక్కువై గీత మీద నిలవవు. ఆన్‌లైన్‌లో వచ్చే జపాన్ తరహా రంపాలు సన్నగా, చక్కగా కోస్తాయి. అయితే వాటిలో చాలావాటి పళ్ళ కొసలను ఫ్యాక్టరీలోనే విపరీతంగా గట్టిపరుస్తారు కనుక ఆకురాయి వాటి మీద జారిపోతుంది, మొద్దుబారితే బ్లేడు మార్చడం తప్ప వేరే దారి లేదు. మళ్ళీ మళ్ళీ పదును పెట్టుకోగల సన్నని రంపం కావాలనే నేను దీన్ని చేసుకున్నాను.

రేకు 0.5 మి.మీ. మందమున్న 1095 రకం స్ప్రింగ్ స్టీలు (కార్బన్ ఎక్కువున్న ఉక్కు), పొడవు 250 మి.మీ., అంగుళానికి 15 పళ్ళు, మడతపెట్టిన ఇత్తడి వెన్ను (సన్నని రేకు వంగకుండా పై అంచును పట్టి ఉంచే పట్టీ), పాత టేకు తలుపు ముక్కతో పిడి. ఈ ఉక్కు ముందే గట్టిపడి వస్తుంది కాబట్టి నిప్పులో పెట్టే పని లేదు గాని, పిడి స్క్రూల రంధ్రాలకు కార్బైడ్ బిట్ తప్పనిసరి. గీతలు గీసిన కాగితాన్ని అంచుకు అంటించి, ఒక్కొక్క గీత మీద హ్యాక్‌సా బ్లేడుతో గాటు పెట్టి, ఆ గాట్లను మూడు పలకల సన్న ఆకురాయితో లోతు చేస్తే పళ్ళు వస్తాయి. ఓపిక ఉంటే చాలు.

అసలు విలువ పళ్ళ వాలులో తెలిసింది. పిడి దగ్గరి పళ్ళ ముందు ముఖాన్ని దాదాపు నిటారుగా ఉంచి, కొస వైపు కొన్ని పళ్ళను వెనక్కి వాల్చడం వల్ల, కోత మొదలుపెట్టేటప్పుడు రంపం చెక్కను కొరికి ఎగరకుండా మెత్తగా దిగుతుంది. పళ్ళను ఒకటి అటు, ఒకటి ఇటు వంచే కొలత కూడా అంతే ముఖ్యం: బాగా ఆరిన టేకుకు పక్కకు 0.05 మి.మీ. సరిపోతుంది, పచ్చితనం మిగిలిన మామిడి చెక్కలో మాత్రం అదే రంపం బిగుసుకుంటుంది. పదును పెట్టిన ప్రతిసారీ ఆ వంపు కొంత తగ్గుతుంది కాబట్టి కొన్నాళ్లకొకసారి మళ్ళీ వంచుకోవాలి. టేకులోని సిలికా పళ్ళను తొందరగా అరగదీస్తుంది. అందుకే పదునుకు వీలైన రంపమే ఇక్కడి చెక్కకు మేలని నా అభిప్రాయం.

మడత వెన్ను మంచి ఎంపిక. ఒకసారి రేకు అంచు కొద్దిగా అల తిరిగినప్పుడు వెన్ను మీద కొయ్య సుత్తితో రెండు దెబ్బలు వేసి సరిచేశాను. గాడి తీసి జిగురుతో అతికించిన వెన్నుకు ఈ వెసులుబాటు ఉండదు.

అయితే సముద్రపు గాలి దీనికి పెద్ద శత్రువు. ఇత్తడి, ఉక్కు తాకే చోట ఉప్పు తేమ చేరితే ముందు తినిపోయేది ఉక్కే, కనుక తుప్పు రేకు మధ్యలో కాక సరిగ్గా వెన్ను అంచు వెంట మొదలవుతుంది. పని అయ్యాక పొడిగుడ్డతో తుడిచి, ఆ అంచున తేనెమైనం రుద్దడం నా అలవాటు. కుట్టుమిషను నూనె కూడా ఆపుతుంది గాని, మరుసటి కోతలో చెక్కకు మరక అంటిస్తుంది. వానాకాలంలో గోడకు తగిలించకుండా మూతపెట్టెలో ఉంచడం మంచిది.

ఖర్చు మాటకొస్తే, ఆకురాళ్లు, బిట్లు, ఇత్తడి మడతపెట్టించిన కూలి లెక్కేస్తే పెద్దగా ఆదా ఏమీ లేదు. పదును పెట్టే ఉద్దేశం లేనివారు కొనుక్కోవడమే నయం. దీని మరో లోపం అడ్డకోత: పళ్ళు చెక్క నారు వెంట కోయడానికి తీర్చినవి కనుక, మెత్తని చెక్కను అడ్డంగా కోస్తే అంచు పీచులు లేస్తుంది, ముందుగా కత్తితో లోతుగా గీత గీయక తప్పదు. ఆ పనికి ఇదే కొలతలతో, పళ్ళకు ఆకురాయిని ఏటవాలుగా పట్టి, రెండో రంపం మొదలుపెట్టాను.